పైకప్పు కూలకపోవచ్చుననే దృక్పథం

మా బడి పిల్లలకు ఆలోచించడం రాదని రాజధానిలో తేలింది. ఎలా తేలిందో మాకు తెలియదు. తేల్చడానికి మా బడికైతే ఎవరూ రాలేదు. దానికి కారణం కూడా అక్కడే తేలింది: పిల్లలకు లోతైన మాటలు రావు కాబట్టి లోతైన ఆలోచనలు రావు.

ఇందులో కొంత నిజం లేకపోలేదు. నేను ఇరవై రెండేళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. బరువు వేరు, ద్రవ్యరాశి వేరు అని తెలిసిన పిల్ల, ఆ తేడా తెలియని పిల్లకన్నా ఒక మెట్టు పైనుంచి లోకాన్ని చూస్తుంది. సరైన మాట చేతికిస్తే పిల్లలు దానితో ఏదో ఒకటి తవ్వి తీస్తారు. అక్కడిదాకా ఎవరికీ పేచీ లేదు. అయితే ప్రభుత్వానికి ఒక మంచి సంగతి తెలిస్తే ఊరికే తెలుసుకుని ఊరుకోదు. దానికొక పథకం పెడుతుంది, పథకానికి యాప్ పెడుతుంది, యాప్‌కు ప్రతి బడిలో ఒక సమన్వయకర్తను పెడుతుంది. మా బడికి ఆ సమన్వయకర్తను నేనే. పేర్లు రాసుకునే వేళకు నేను క్లాసులో పాఠం చెబుతున్నాను. స్టాఫ్‌రూములో లేనివాణ్ణి ఎన్నుకోవడం మా ఆనవాయితీ.

పథకం పేరు 'ఉన్నత చింతనా భాషా వికాసం'. జిల్లా కేంద్రంలో మూడు రోజులు మాకు శిక్షణ ఇచ్చారు. ఇచ్చినవారు డాక్టర్ హేమాద్రి గారు, పథకానికి రాష్ట్ర సలహాదారులు. ఆయన చెప్పినదాని సారాంశం ఏమిటంటే, వాడుక మాట ఆలోచనకు శత్రువు. పదకొండు వందల నలభై మాటలతో ఒక ఆమోదిత పదావళి తయారైంది. బడి గేటు లోపల పిల్ల నోరు విప్పితే అందులోంచే మాట్లాడాలి. మాట్లాడిన ప్రతిసారీ ఒక ప్రతిపాదన, దానికొక ఆధారం, దానికొక ప్రతివాదం ఉండాలి. ఎన్ని ఆమోదిత పదాలు దొర్లాయో లెక్కపెట్టి యాప్‌లో ఎక్కిస్తే, ఆ పిల్ల ఎంత లోతుగా ఆలోచిస్తోందో తెలిసిపోతుంది. దాన్ని పదసాంద్రత అంటారు.

లలితాంబ గారని మా తెలుగు టీచరు ఒకామె ఉన్నారు. పిల్లకు మాట తెలియకపోయినా ఆలోచన సరైనదైతే ఏం చేయాలని ఆమె లేచి అడిగారు. హేమాద్రి గారు జాలిగా నవ్వారు.

"అమ్మా, పదం లేనిచోట ఆలోచన ఉందనడానికి మన దగ్గర ఆధారం లేదు. ఒకవేళ ఉన్నా, నమోదు చేయడానికి యాప్‌లో గడి లేదు."

గడి లేదన్నాక లలితాంబ గారు కూర్చున్నారు. పదకొండు గంటలకు హేమాద్రి గారు అటెండరును పిలిచి, అల్లం కొంచెం ఎక్కువేసి చాయ్ పట్టుకురమ్మన్నారు. మూడు రోజుల్లో మాకందరికీ ఒక్కసారికే అర్థమైన వాక్యం అదొక్కటే.

మా హెడ్మాస్టరు కమలాకర్ గారికి సర్వీసు ఇంకా పద్నాలుగు నెలలుంది. ఒక్క మెమో కూడా లేకుండా దిగిపోవాలని ఆయన కోరిక. అందుకని పథకాన్ని జిల్లాలో అందరికన్నా గట్టిగా పట్టుకున్నారు. వాడుక మాట పలికిన పిల్లల పేర్లు బోర్డు మీద రాయించారు. ఒంటేలుకు పోవాలన్నా ఒక పద్ధతి పెట్టారు. లేచి నిలబడి, చేతులు కట్టుకుని, "ఉపాధ్యాయ మహోదయా, శారీరక జీవక్రియల పర్యవసానంగా ఉత్పన్నమైన ఆవశ్యకత దృష్ట్యా నిష్క్రమణకు అనుమతి ప్రతిపాదిస్తున్నాను" అనాలి. పెద్ద పిల్లలు నేర్చుకున్నారు. ఆరో తరగతి వాళ్లకు 'పర్యవసానంగా' దగ్గరే పని అయిపోయేది.

ఒక రోజు పప్పులో పురుగులొచ్చాయి. పప్పులో పురుగులున్నాయన్న పిల్లల పేర్లు బోర్డెక్కాయి. ఎనిమిదో తరగతి పిల్లలు మాత్రం బాగా ఆలోచించి, మధ్యాహ్న ఆహారంలో జీవవైవిధ్యం పరిశీలించబడిందని రాశారు. యాప్ పచ్చగా వెలిగింది. పిల్లల్లో పర్యావరణ స్పృహ మెచ్చుకోదగినదని జిల్లా నుంచి అభినందన వచ్చింది. పప్పు మారలేదు.

తొమ్మిదో తరగతిలో శ్రీకర్ అని ఒక పిల్లవాడున్నాడు. పదకొండు వందల నలభై మాటలూ వాడికి కంఠతా వచ్చాయి. వాణ్ణి నేను తప్పు పట్టను. చెప్పింది చెప్పినట్టు చేసే పిల్లవాడు, మనమేం చెబుతున్నామో మనం చూసుకోవాలి. ఎవరు తనిఖీకి వచ్చినా వాణ్ణి లేపి నిలబెట్టేవాళ్లం. వాడు ఏ విషయం మీదైనా అయిదు నిమిషాలు మాట్లాడేవాడు. విన్నవాళ్లు తలలు ఊపుతూ వెళ్లిపోయేవారు.

అదే తరగతిలో కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి నవనీత. తండ్రి ఓదెలు సుతారి పని చేస్తాడు. ఊళ్లో సగం గోడలు ఆయన కట్టినవే. నవనీతకు పదావళిలోంచి పాతిక మాటలు కూడా రావు. వర్షాలు వెనకబట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం, క్లాసయిపోయాక ఆగి నాతో అంది:

"సార్, మన స్లాబుకు నెర్రె పడ్డది. గోడల్కు దిగింది. ఇది మీద పడ్తది సార్."

తలెత్తి చూశాను. ఫ్యాను కొక్కెం దగ్గర మొదలైన పగులు దూలం పక్కనుంచి వచ్చి, కిటికీ పైగోడలోకి దిగింది. గోడ మీద పెన్సిలుతో అడ్డగీతలు, ప్రతి గీత పక్కన ఒక తేదీ. పదకొండు సోమవారాలు, పదకొండు గీతలు. అది తండ్రి నేర్పిన పనట. పాత ఇంటి పని ఒప్పుకునేముందు సుతారులు పగులు కొసన గీత గీసి, తేదీ రాసి, ఎనిమిది రోజుల తర్వాత వచ్చి చూస్తారట. పగులు గీత దాటితే ఆ ఇంట్లో ఎవర్నీ పడుకోనివ్వరట.

గీతలు చూశాను. పైవి వేలెడు దూరంలో ఉన్నాయి. కిందికి వచ్చేకొద్దీ ఎడం పెరుగుతోంది. చివరిది బెత్తెడు. దీన్నిబట్టి నీకేం తెలిసిందని అడిగాను.

"ఊకె పెరుగుతలేదు సార్. తొందర తొందరగ పెరుగుతాంది."

అంతకు ముందు పదిహేను రోజులుగా నేను ఆ తరగతికి త్వరణం చెబుతున్నాను. వేగం పెరగడం వేరు, పెరిగే తీరు వేరు అని బోర్డు మీద ఎన్ని గ్రాఫులు గీసినా ఒక్కరికీ ఎక్కలేదు. ఈ పిల్ల గోడ మీద గీసుకుని కూర్చుంది. నాకు నిజంగా సంతోషమేసింది. మాట అందించాల్సిన చోటు ఇదేననిపించి, దీన్ని త్వరణం అంటారమ్మా అన్నాను.

"ఏదన్నా అనుండ్రి సార్. ముందుగల్ల మమ్ముల బయట కూసోబెట్టుండ్రి."

ఆ గదిలో నలభై ముగ్గురు పిల్లలు. నేను హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్లాను. ఆయనా వచ్చి చూశారు, చాలాసేపు చూశారు. పైనుంచి ఉత్తర్వు లేకుండా పిల్లల్ని బయట కూర్చోబెడితే ఎవడో ఫోటో తీస్తాడు, చెట్టు కింద చదువులని పేపర్లో వేస్తారు, మెమో వస్తుంది. కాబట్టి యాప్‌లో పెట్టమన్నారు.

పెట్టాను. తొమ్మిదో తరగతి పైకప్పు పగులుతోంది, పిల్లలకు ప్రమాదం, వెంటనే రండి అని రాశాను. యాప్ ఎర్రగా వెలిగింది. పదసాంద్రత సున్నా. మీ ఆలోచనను మరింత లోతుగా వ్యక్తీకరించండి అని కింద ఒక బొమ్మ చేతులు జోడించింది.

లోతుగా వ్యక్తీకరించాను. "అధ్యయన ప్రాంగణపు ఊర్ధ్వ ఆచ్ఛాదన నిర్మాణంలో రేఖీయ విచ్ఛిన్నత యొక్క కాలానుగత విస్తరణ పరిశీలన ద్వారా ధ్రువీకరించబడినందున..." అని మొదలుపెట్టి పేజీన్నర రాశాను. చదివితే మా పైకప్పుకు ఏదో పెద్ద గౌరవం దక్కినట్టుంది. యాప్ పచ్చగా వెలిగింది. నవనీత రోజూ అడిగేది, ఏమన్నరు సార్ అని. చూస్తున్నారమ్మా అనేవాణ్ణి.

ఎనిమిది రోజులకు జిల్లా కమిటీ నుంచి జవాబొచ్చింది. నివేదిక భాష ఉన్నతంగా ఉంది గాని ప్రతివాదం లేదట. "పైకప్పు కూలుతుందనే ఏకపక్ష నిర్ధారణ విమర్శనాత్మక చింతనా స్ఫూర్తికి విరుద్ధం. పైకప్పు కూలకపోవచ్చుననే దృక్పథానికి సైతం సమాన స్థానం కల్పించి పునఃసమర్పించగలరు."

నేను కూర్చుని పైకప్పు తరఫున వాదించాను. ముప్పై ఒక్క సంవత్సరాల చరిత్రలో సదరు పైకప్పు ఒక్కసారైనా కూలిన దాఖలా లేదని రాశాను. చుట్టుపక్కల బడుల్లో ఇంతకన్నా పెద్ద పగుళ్లున్న పైకప్పులు స్థిరచిత్తంతో నిలిచి ఉన్నాయని రాశాను. పగులును పతన సూచనగా కాక, నిర్మాణం తన అంతర్గత ఒత్తిడిని బహిర్గతం చేసుకునే ప్రక్రియగా కూడా చూడవచ్చునని రాశాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, మొదటి సగంకన్నా రెండో సగమే బాగా కుదిరింది. రాసేటప్పుడు నాకు సరదాగా కూడా ఉంది.

ఈసారి నాలుగు రోజుల్లోనే జవాబు. ఇరు దృక్పథాలూ సమతూకంగా ఉన్నందున విషయం మరింత చర్చకు అర్హమైనదని కమిటీ అభిప్రాయపడింది. దాంతోపాటు, జిల్లాలో అత్యుత్తమ విమర్శనాత్మక రచనకుగాను మా బడికి ప్రశంసాపత్రం వచ్చింది. కమలాకర్ గారి కళ్లు చెమ్మగిల్లాయి. దానికి ఫ్రేము కట్టించి, విషయానికి సంబంధించిన గదిలోనే ఉండాలని తొమ్మిదో తరగతి కిటికీ పైగోడకు తగిలించమన్నారు. అటెండరు సుత్తి తీసుకుని బెంచీ ఎక్కాడు. గోడకు మొల కొట్టకుండ్రి సార్ అని నవనీత మూడుసార్లు అంది. ఆమె పేరు బోర్డెక్కింది. మొల దిగింది. ఆ పై సోమవారం ఆమె గీసిన గీత, ముందు గీతకు జానెడు కింద పడింది.

దసరా సెలవుల తర్వాత హేమాద్రి గారు స్వయంగా మా బడికి వచ్చారు. పగులు కోసం కాదు, ఆ వ్యాసం పుట్టిన బడి చూడడానికి. తొమ్మిదో తరగతి గదిలోనే మాదిరి పాఠం పెట్టించారు. 'పగులు: ఒక బహుదృక్పథ చర్చ' అని బోర్డు మీద రంగు సుద్దలతో రాయించారు. ఆయనకు కుర్చీ సరిగ్గా ఫ్యాను కింద వేశారు, గాలి బాగా తగలాలని.

శ్రీకర్ లేచి ఏడు నిమిషాలు మాట్లాడాడు. అరవై ఒక్క ఆమోదిత పదాలు పడ్డాయి. పైకప్పు పక్షాన, పగులు పక్షాన చెరి మూడున్నర నిమిషాలు. హేమాద్రి గారు చప్పట్లు కొట్టారు, కాబట్టి అందరం కొట్టాం. తర్వాత నవనీతను లేపారు. ఆమె గోడ దగ్గరికి వెళ్లి గీతలు ఒక్కొక్కటే చూపించింది. ఏ వారం వేలెడు, ఏ వారం బెత్తెడు, ఏ వారం జానెడు, మొల కొట్టింది ఎప్పుడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఈ పరిశీలన ద్వారా నీ ప్రతిపాదన ఏమిటని ఆయన అడిగారు.

"సార్, మీ కుర్చీ దాని కిందనే ఉన్నది. జర ఇటు జరుపుకోండ్రి."

హేమాద్రి గారు పైకి చూశారు. లేచారు. అటెండరు కోసం కూడా ఆగకుండా కుర్చీ తనే ఎత్తుకుని తలుపు పక్కకు వెళ్లి కూర్చున్నారు. జేబురుమాలుతో మెడ తుడుచుకుని, పెన్ను తీసి నవనీతకు మార్కులు వేశారు. పదసాంద్రత సున్నా. ప్రతివాదం సున్నా. విద్యార్థిని ఆలోచనా పూర్వ దశలో ఉన్నది అని పక్కన రాశారు. పాఠం ఇంకో అరగంట నడిచింది. ఆయన తలుపు దగ్గర ఉన్నారు. మొదటి మూడు బెంచీల పిల్లలు అదే పగులు కింద ఉన్నారు. నేను చూస్తూ నిలబడ్డాను.

ఆయన కారెక్కేముందు మాత్రం పక్కకు పిలిచి బతిమాలాను. ఆ గది ఖాళీ చేయించమని ఒక్క ముక్క రాసివ్వండి, మిగతాది మేం చూసుకుంటామన్నాను. ఆయన నా భుజం మీద చేయి వేశారు.

"వీరేశం గారూ, ఆ పగులు మీ బడికి లభించిన అపురూపమైన బోధనోపకరణం. దాన్ని పూడ్పించేస్తే పిల్లలు ఇక దేని మీద చర్చిస్తారు?"

పన్నెండు రోజుల తర్వాత గురువారం, మూడో పీరియడు. నేను ఘర్షణ చెబుతున్నాను. ముందు మొదటి బెంచీ నోటుపుస్తకాల మీద సున్నం పొడి రాలింది. తర్వాత శనగగింజంత పెళ్ల ఒకటి టప్పున పడింది. నేను ఇంకా పైకి చూడనేలేదు, నవనీత అరిచింది, ఉరకుండ్రి, బయటికి ఉరకుండ్రి అని. నలభై ఇద్దరు పిల్లలు సంచులు వదిలేసి వరండాలో పడ్డారు. ఎవరూ అనుమతి ప్రతిపాదించలేదు. నేను కూడా పరుగెత్తాను, నేనూ ప్రతిపాదించలేదు. పిల్లలందరికన్నా ముందున్నానో వెనకున్నానో మాత్రం ఇప్పుడు చెప్పను.

లోపల శ్రీకర్ ఉండిపోయాడు. బెంచీ పక్కన లేచి నిలబడి, చేతులు కట్టుకుని, నేను అప్పటిదాకా నిలబడిన చోటు వైపు తిరిగి మొదలుపెట్టాడు: "ఉపాధ్యాయ మహోదయా, ఊర్ధ్వ ఆచ్ఛాదన స్థితిగతుల పర్యవసానంగా ఉత్పన్నమైన ఆవశ్యకత దృష్ట్యా..." వాడి గొంతు వణుకుతోంది గాని వాక్యం తప్పు పోలేదు. నేను వరండాలోంచి రారా అని అరిచాను. నేర్పిందే వాక్యం పూర్తి కాకుండా కదలొద్దని, ఎలా కదులుతాడు. నవనీత వెనక్కి పరుగెత్తి వాడి కాలరు పట్టుకుని ఈడ్చింది. గడప దాకా తెచ్చింది. అప్పుడు ఫ్యానుతో సహా స్లాబు దిగింది. వాడి కుడికాలు మోకాలి కింద రెండుచోట్ల విరిగింది. ఆమె మోచేయి చీలింది. లాక్కురాకపోయి ఉంటే కాలి సంగతి మాట్లాడుకునే అవసరమే ఉండేది కాదు.

అంబులెన్సు వెళ్లాక ఓదెలు వచ్చాడు. బిడ్డ చేతి కట్టు చూశాడు, కూలిన గది చూశాడు, మిగిలిన గోడ మీద గీతలు పైనుంచి కిందిదాకా లెక్కపెట్టాడు. ఇన్ని గీతలు గీసేదాక ఏం జేసిండ్రు సార్ అని మెల్లగా అడిగాడు. కమలాకర్ గారు ఆయనకు మంచినీళ్లు తెప్పించారు.

వారం తిరగకుండా విచారణ కమిటీ వచ్చింది. ముగ్గురు సభ్యులు. అధ్యక్షులు హేమాద్రి గారే, విషయం మీద ఇప్పటికే అవగాహన ఉన్నవారు కాబట్టి. హెడ్మాస్టరు గదిలో కూర్చున్నారు. కూర్చునేముందు ముగ్గురూ పైకి చూసుకున్నారు. జరిగినదాన్ని కూలడం అనకూడదని మొదట తీర్మానించారు. అది ఊర్ధ్వ ఆచ్ఛాదన యొక్క స్థానభ్రంశం. ప్రమాద సమయంలో సైతం ఉన్నత భాషను విడనాడని విద్యార్థిగా శ్రీకర్‌కు రాష్ట్రస్థాయి పురస్కారం సిఫారసు చేశారు. దాన్ని ఆసుపత్రి మంచం దగ్గరే ఇస్తారట. అదుపులేని వాడుక భాషతో తరగతిలో గందరగోళం సృష్టించినందుకు నవనీత నుంచి సంజాయిషీ కోరారు.

నవనీతను పిలిపించారు. చేతికి కట్టుతో తలుపు పక్కన నిలబడింది. హేమాద్రి గారు నివేదిక చివరి పేజీ నా ముందుకు జరిపారు. సదరు స్థానభ్రంశం గురించి ముందస్తు సమాచారం ఏ స్థాయిలోనూ, ఎవరికీ అందలేదు అని ఉంది. కింద సమన్వయకర్త సంతకానికి చోటు వదిలారు. నా వ్యాసం ఉంది కదా అని నేను గొణిగితే, అందులో పైకప్పు కూలకపోవచ్చుననే వాదనే బలంగా ఉందని ఆయన గుర్తుచేశారు. ఇక ఈ అమ్మాయి పలుమార్లు ఏదో అన్నట్టుంది గాని, అది భాషగా నమోదు కాలేదు కాబట్టి ఎవరి తప్పూ లేదట. సంతకం పెట్టెయ్యండి సార్, అందరికీ మంచిది అని కమలాకర్ గారు నా చెవిలో అన్నారు. పాపం ఆయనకు ఇంకా పదకొండు నెలలుంది. నేను పెన్ను మూత తీశాను.

"కేవలం రికార్డు కోసం అడుగుతున్నాను. ఈ అమ్మాయి చెప్పింది మీకు అర్థం కాలేదు. అంతే కదా?" అన్నారు హేమాద్రి గారు.

తల ఊపితే అయిపోయేది. ఇరవై రెండేళ్లలో అంతకన్నా పెద్ద అబద్ధాలకే ఊపాను. ఎందుకో తల కదల్లేదు.

"అర్థమైంది సార్. మొదటి రోజే అర్థమైంది."

హేమాద్రి గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. టైపు చేస్తున్న గుమాస్తా, ఈ మాట ఎక్కించాలా వద్దా అన్నట్టు ఆయన వైపు చూసి చేతులు వెనక్కి తీసుకున్నాడు. నాలో ఏదో బరువు దిగినట్టయింది. ఇంత ధైర్యం చేసినందుకు ఆ పిల్ల కళ్లల్లో కొంచెం మెచ్చుకోలు ఉంటుందని, నిజం చెప్పొద్దూ, ఆశపడి అటు తిరిగాను.

"అర్థమైతె మరి మమ్ముల అండ్లనే ఎందుకు కూసోబెట్టిండ్రు సార్?" అంది నవనీత.

ఆ ప్రశ్న అర్థం కాలేదని ఆ గదిలో ఎవరూ అనలేదు.